సుద్దముక్కతో గీసిన పాదాలు

అమ్మా,

నేను కులాసా. వేళకి తింటున్నాను. నీ మొదటి రెండు ప్రశ్నలూ కొట్టేసుకో.

మా సినిమాలో అంతరిక్ష నౌక నిన్న ఎగిరింది! అంటే, మూరెడు బొమ్మ స్టాండు మీద కదలకుండా ఉంటుంది. మేం సొంతంగా చేసుకున్న మోటారు బండి ఎక్కి కెమెరానే దాని పక్కనుంచి పట్టాల మీద మెల్లగా పోతుంది. ఒకసారి నౌకని, ఇంకోసారి చీకట్లో దాని కిటికీ దీపాల్ని మాత్రమే షూటింగు చేసి, రెండు బొమ్మలూ కలుపుతాం. రెండుసార్లూ కెమెరా పోయే దారిలో వెంట్రుకవాసి తేడా రాకూడదు. మాకేమో వారం రోజులు దీపాలు నౌకని వదిలేసి పక్కన వేలాడాయి. మోటారు విప్పాం, బిగించాం, ఒకళ్ళనొకళ్ళం తిట్టుకున్నాం. చివరికి పట్టాలు అమర్చిన వడ్రంగి బాబాయి మా కాళ్ళవైపు చూసి, "మిషను తప్పేం లేదమ్మా. మొదటిసారి నలుగురూ ఇక్కడే ఉన్నారు. రెండోసారికి ముగ్గురు టీకి పోయారు. బరువు తగ్గి చెక్కనేల పైకి లేచింది" అన్నాడు. వెంటనే సుద్దముక్కతో అందరి పాదాల చుట్టూ గీతలు గీశాడు. రెండుసార్లూ అయ్యేదాకా ఎవరి గీతలో వాళ్ళం. మా డైరెక్టరు ముక్కు దురద పెట్టినా చెయ్యెత్తలేదు. దీపాలు కిటికీల్లో కూర్చున్నాయి!

అమ్మమ్మ కంటికట్టు విప్పారా? తమ్ముడి విరిగిన బొమ్మకార్లు పారేయకు, ఆ చక్రాలు నౌక పొట్టకి యంత్రాల్లా అతికించడానికి కావాలి. నా మెత్తటి చెప్పులు కూడా పంపించు.

"దీనికి ఒక్కచోట కాలు నిలవదు" అని చుట్టాలందరికీ చెప్పేదానివిగా? నాన్నకి నా నమస్కారాలు చెప్పి, కూర్చోబెట్టి ఇది కూడా చెప్పు. నిన్న నలభై నిమిషాలు నేను కదల్లేదు, అందుకే ఆ నౌక ఎగిరింది.

ఇట్లు,
కాలు నిలిచిన నీ కూతురు