మరకల షాపు విలువ

లాయరుగారికి నమస్కారాలు.

మా డ్రైక్లీనింగ్ షాపుకి విలువ కట్టే ఆఫీసరు పోయిన వారం వచ్చారు. విడాకుల తీర్పు ప్రకారం షాపు నాకు, దాని విలువలో సగం ఆవిడకు. కాబట్టి ఎంత తక్కువ కడితే నాకంత మంచిదని మీరు చెప్పారు. మీ మాట ప్రకారమే ముఖం వేలాడేసుకుని కూర్చున్నాను. మిషన్లు పాతవన్నాను, బేరాలు లేవన్నాను.

"అయితే రోజంతా ఈగలు తోలుకుంటారన్నమాట!" అని ఆయన నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆయన జేబు కింద ఇంకు మరక కనబడింది.

"చొక్కా విప్పండి" అన్నాను.

పది నిమిషాల్లో మరక మాయం. ఆయన బనీనుతో నిలబడి, చొక్కాను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"ఏం మందండీ ఇది?"

"మా ఆవిడ కలిపిందండీ. ఆవిడ చెయ్యి పడితే పోని మరక లేదు. సగం మంది ఆవిడ కోసమే వస్తారు" అని నోరు జారాను. ఆయన మాట పొల్లుపోకుండా రిపోర్టులోకి ఎక్కించారు. మనం అనుకున్నదానికి రెట్టింపు విలువ కట్టారు.

రిపోర్టు ఆవిడకూ అందింది. పొద్దున్నే ఫోన్ చేసింది. డబ్బు ఊసే ఎత్తలేదు.

"పద్దెనిమిదేళ్లలో ఈ మాట నాతో ఒక్కసారైనా అన్నారా?" అంది. వెంటనే ఫోన్ పెట్టేసింది.

కట్టిన విలువ మీద మీరు అభ్యంతరం గట్టిగా రాయండి. మిషన్లు నిజంగానే పాతవి. ఆవిడ గురించి రాసిన వాక్యాన్ని మాత్రం దయచేసి కొట్టేయించకండి.

ఇట్లు,
మీ మాట వినని క్లయింటు