మామిడికాయ ఇంకా కోయకు

కన్నమ్మా, తప్పులుంటే నవ్వకు. ఇంత రాయడానికే పొద్దెక్కింది.

కాలేజీ నుంచి రాగానే అన్నం తిను. మిర్చి యార్డు దగ్గర తొడిమెలు తీసే పని అడగడానికి పోతున్నాను. దొరికితే నీ చదువు ఆగదు. దొరక్కపోతే ఇద్దరం అడవిలోని మన ఊరికే తిరిగిపోవాలి.

నువ్వు కొన్న మామిడికాయ ముట్టలేదు. మామిడికాయ పండుగ చేసి, చనిపోయిన పెద్దలకు పెట్టనిదే మనం కొత్తకాయ తినం కదా. వీధిలో కాయలమ్మే బండి ఆమెను "ఇక్కడ పండుగ అయిందా?" అని అడిగాను. "గిదేం అడుగుడవ్వా! ఖమ్మంల రోజూ పండుగే" అని నవ్వింది. మరి ఇంత పెద్ద ఊళ్ళో పెద్దలకు ఎవరు పెడతారు? మీ మేడంను అడుగు.

కాయ కోయకు. పని దొరికితే ఈ గదిలోనే మొదటి ముక్క మీ తాతకు పెడదాం. ఆయనకు ఇక్కడికి దారి తెలుస్తుందేమో చూడాలని ఉంది.

మీ అవ్వ ఎర్రమ్మ, యాభై దాటినదాన్ని, ఇప్పుడు ఉండేది ఖమ్మంలో నీ కిరాయి గది.