కోరినవారి పేర్లలో నేను లేను

రాజపాళయం,
మంగళవారం.

పద్మక్కకు తమ్ముడు శివ నమస్కరించి రాయడం. నువ్వూ బావా చిన్నీ అమ్మా బాగున్నారనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నాన్న సంగతి అడగను. నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను, అమ్మకు అలాగే చెప్పు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నేను చేసినప్పుడల్లా నాన్న నీ పక్కనే మగ్గం మీద ఉంటాడు, నువ్వు ఊఁ, ఆఁ తప్ప మాట్లాడవు. అందుకే ఉత్తరం.

ఇక్కడి నూలు మిల్లులో నాది తెగిన పోగులు అతికే పని. నేతగాడి కొడుకుని, వేళ్ళు వాటంతటవే పోతాయి. అది చూసి సూపర్‌వైజరు మెచ్చుకోడు, ఇంకో మిషను అంటగడతాడు. ముక్కులోనూ దూదే, అన్నంలోనూ దూదే. రోజూ అదే పుళి కొళంబు, చింతపండు పులుసు. పడమటి కొండల మీంచి మబ్బు దిగి వారాలైంది, ఉతికిన చొక్కా ఆరదు. గదిలో మిగతా ఐదుగురూ హిందీ మాట్లాడేవాళ్ళు. నోరు విప్పకుండానే తెల్లారి పొద్దుగూకిన రోజులున్నాయి. అయినా బాగానే ఉన్నాను.

బస్టాండు దగ్గర అరచేతిలో పట్టే రేడియో కొన్నాను. హాస్టల్లో ట్యూబులైట్లకూ మోటార్లకూ గరగర తప్ప ఏమీ పలకదు. అందుకని ఆదివారం పొద్దు వాలగానే సేత్తూరు బస్సెక్కి, కరెంటు తీగలు లేని ఒక చేను దగ్గర దిగిపోతాను. పగలు ఎంత వెతికినా దొరకని మన స్టేషను, చీకటి పడేసరికి ఇంత దూరమూ వస్తుంది. దాన్ని ఆనుకునే ఒక తమిళ స్టేషను ఉంటుంది. రేడియోను గట్టు మీద పెట్టి, ముల్లు కదపకుండా పెట్టెనే కొంచెం కొంచెంగా తిప్పుతూ పోతే ఒకచోట తమిళం అణిగి మనది పైకి లేస్తుంది. ఎవడూ నేర్పలేదు, నేనే కనిపెట్టాను.

ఎందుకంత తంటా అంటే, కోరిన పాటల కోసం. నాన్న ప్రతి వారం స్టేషనుకు కార్డు రాస్తాడు కదా, ఇంట్లో పేర్లన్నీ వరసగా. నేను పుట్టిన వారం నుంచీ నా పేరు లేని కార్డు లేదని అమ్మ అనేది.

మూడు ఆదివారాలు విన్నాను. పేర్లు చదివే గొంతు దగ్గరికొస్తుంది, మళ్ళీ ఎటో పోతుంది. మొదటిసారి నా పేరు అలా పోయిందనుకున్నాను. రెండోసారీ అలాగే సర్దిచెప్పుకున్నాను. మొన్న గరగర కూడా లేదు. "కొత్తపేట నుంచి కోటయ్య, సరోజిని, పద్మ, రాంబాబు, చిన్ని." అంతే. పాట మొదలైంది.

రెండేళ్ళ చిన్నికి ఏం పాట కావాలక్కా? దాని పేరుంది.

మగ్గం గుంటలో కూర్చోనన్నందుకే కదా? "మిల్లుకు పోయేవాడు నా కొడుకు కాదు" అన్నాడు. మరి ఆయన నేసే నూలు ఎక్కడిది? ఆకాశం నుంచి పడిందా? ఇక్కడ ఎవడో ఒకడు దూది మింగితేనే అక్కడ ఆయన చేతికి పోగు అందేది. ఈ మాట మొహం మీద అడగాలని నాకు నిద్ర పట్టదు.

మొన్న ఆదివారం చేను దగ్గరికి నాతో సుబ్బరాజు మామ కూడా వచ్చాడు. మా మిల్లులో ఫిట్టరు. తరాల కిందట మన వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఇక్కడి రాజులు ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు, రాసేది మాత్రం తమిళం. పాట అయ్యాక నా మొహం చూశాడు.

"ఏమిరా తంబీ, ఎవురన్నా చచ్చినారా?"

"నా పేరు రాలేదు మామా."

"అందుకా ఈ ఏడుపు? మీ నాయన రాయలేదు, సరి. నీ చెయ్యి ఏమైనాది, విరిగినదా? నాకైతే తెలుగు రాయను రాదు. నీకు వచ్చును కదరా!"

నాకు ఒళ్ళు మండింది. బస్సులో ఆయనకు దూరంగా వెనక సీట్లో కూర్చున్నాను. తెల్లారి పోస్టాఫీసుకు పోయి కార్డు కొన్నాను.

నాన్న పేరే ముందు రాశాను. కొట్టేద్దామనుకున్నాను, కొట్టలేదు. తర్వాత అమ్మ, నువ్వు, బావ, చిన్ని. చివర నేను, రాజపాళయం నుంచి. నాన్న ఎప్పుడూ కోరే పాటే కోరాను.

చదువుతారో లేదో తెలియదు. ఆయనకు చెప్పకు. ఆదివారాలు ఆ వేళకు నువ్వు రేడియో దగ్గర ఉండు. నా పేరు వస్తే ఆయన ఏం చేశాడో చూసి రాయి. కట్టేస్తే కట్టేశాడని రాయి. నన్ను ఊరడించడానికి అబద్ధం రాయొద్దు.

చింతకాయ పచ్చడి కొంచెం పంపు. అమ్మకు నా దణ్ణం, నన్ను దీవించమను. బావకు నమస్కారం, చిన్నికి ముద్దులు. నాన్నకు ఏం రాయాలో తోచక ఇక్కడ ఒక వరస ఖాళీగా వదిలాను.

నాన్నకు

నీ తమ్ముడు
శివ