అవ్వా, ఉప్పుసెనగలు తినొచ్చట

అవ్వా, నాకు షుగరు లేదని ఇప్పుడే తేలింది. ముందు నీకే చెప్పాలని ఆదోని బస్టాండులో, ఎమ్మిగనూరు బస్సు కోసం చూస్తూ రాస్తున్నాను.

నిన్ను తీసుకుపోయిన జబ్బు నాకూ వస్తుందని నువ్వున్నప్పటి నుంచే భయపడి, బరువు తగ్గడానికి అన్నీ మానేశాను. సాయంత్రం ఉప్పుసెనగలు మాత్రం మానలేకపోయాను. బరువు తగ్గింది కానీ, సెనగల సంగతి డాక్టరమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. అమ్మే చెప్పేసింది.

"ఇసుకలో వేయించినవే కదా, నూనె లేదు. గుప్పెడు తిను. ఉప్పు తగ్గించు," అన్నారావిడ.

బయటికి రాగానే అమ్మ నవ్వింది. "పస్తులెందుకే పిల్లా, నాలుగు సెనగలు కొరుక్కో అని మా అత్త అప్పుడే సెప్పింది గదా!"

ఆదివారం నీ మూకుడులో మేమే వేయిస్తాం. ఉప్పు తగ్గినా కరకరలాడాలంటే ఇసుక ఎంత కాలాలి? శనివారంలోగా చెప్పు. రాయడం రాదంటావేమో, కలలోకి వచ్చినా చాలు.