ఏం కొయ్యడానికి?

ప్రియమైన అత్తయ్యకి,

ఎలా ఉన్నారు? ఫోన్ చేస్తే సగం మాటలు మీ సమ్మెట మోతలో కలిసిపోతాయి, మిగతా సగం పక్కనే కూర్చుని మీ అబ్బాయి వింటాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇందులో సంగతి తనకి చెప్పకండి.

మీ అబ్బాయి బాగానే ఉన్నాడు. తను నడిపే బస్సు రూటు మార్చారు. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికల్లా వచ్చేసి వంట చేస్తున్నాడు. రుచి గురించి మాత్రం అడక్కండి. వండిన మనిషి ఎదురుగా కూర్చుని మొహంలోకి చూస్తుంటే బాగుందనక ఏం చేస్తాం.

అసలు విషయానికొస్తాను. నా పని మీకు తెలుసు కదా, మూతబడ్డ కట్టడాల్లోకి వెళ్ళి గోడలూ దూలాలూ కొలిచి, పగుళ్ళు ఎక్కడున్నాయో చూసి నక్షా గీసి ఇవ్వడం. బాగుచెయ్యాలా పడగొట్టాలా అన్నది దాన్ని చూసి పైవాళ్ళు తేలుస్తారు. టేపు రెండో కొస పట్టుకోవడానికి నాతో ఒకడు వస్తాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడని ఆఫీసులో అందరూ వాణ్ణి నిచ్చెన అంటారు.

పోయిన వారం ఒక నూలు మిల్లుకి వెళ్ళాం. ఏళ్ళ తరబడి మూసి ఉంది. కింద అంతా కొలిచి మెట్ల దగ్గరికి వచ్చేసరికి పైన ఎవరో పరిగెత్తిన చప్పుడు. ఎలుకలో పావురాలో కాదు అత్తయ్యా, మనిషి అడుగులే. ఇద్దరం టేపు అక్కడే పారేసి బయటికొచ్చి పడ్డాం. నవ్వకండి.

మర్నాటి నుంచి నిచ్చెన ఇనపరాడ్డు పట్టుకు తిరుగుతున్నాడు. పెద్దసారుకి ఈ సంగతి చెప్తే, "మీ జాగ్రత్త మీరు చూసుకోండి, నెలాఖరుకల్లా పై అంతస్తు కొలతలు రావాలి, లేకపోతే ఇంకొకళ్ళకి ఇస్తాను" అన్నారు. ఆ పని వదులుకోవడం నాకిష్టం లేదు. ఇంకొకళ్ళయితే పైకి ఎక్కకుండానే 'పడగొట్టండి' అని రాసిస్తారు. ఆ గోడలు ఎంత గట్టిగా ఉన్నాయో నేను చెయ్యి పెట్టి చూశాను.

కాబట్టి నాకొక కత్తి కావాలి. నడుం దగ్గర పెట్టుకుంటే కనపడకూడదు, తీస్తే మాత్రం బాగా కనపడాలి. మీకంటే బాగా చేసేవాళ్ళు నాకు తెలీదు.

మీ కోడలు


నా కోడలు పిల్లకి,

అత్త ఆశీస్సులు. నవ్వొద్దన్నావు గానీ, టేపు పారేసి పరిగెత్తిన చోట నవ్వాను. ఆ తర్వాత భయమేసింది. ఆ పూట ముద్ద దిగలేదు.

మావాడు వంట చేస్తున్నాడని షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. నా దగ్గరున్నన్నాళ్ళూ మంచినీళ్ళు కూడా ముంచుకుని ఎరగడు. నీ చేతుల్లో పడి బాగుపడ్డాడు.

ఇక కత్తి సంగతి. మా షాపుకి ఎవరొచ్చినా నేను అడిగే మొదటి మాట నీకు తెలుసు. ఏం కొయ్యడానికి? చేపలకైతే సన్నగా, వంగేలా చేస్తాను. రొట్టెలకైతే పళ్ళు పెడతాను. తోళ్ళు కోసేవాళ్ళకి ఒక వంపు, పడవ తాళ్ళు కోసేవాళ్ళకి ఇంకో మందం. ఆ మాట చెప్పకపోతే నాకు చెయ్యి ఆడదు. నీ ఉత్తరమంతా వెతికాను, అదొక్కటే లేదు. తీస్తే కనపడాలి అన్నావు. కనపడ్డానికైతే అద్దం కొనుక్కో.

కోపం తెచ్చుకోకు. వద్దనట్లేదు. సాయంత్రమయ్యేసరికి నువ్వు ఇంటికి చేరావో లేదో అని ఇక్కడ గుబులు పడుతూ కూర్చోవడం కంటే కత్తి చేసి పంపడమే నాకు సుఖం. కానీ ఏం కొయ్యడానికో నీ చేత్తో రాసి పంపు. అది అందిన రోజే కొలిమి రాజేస్తాను. మాటిస్తున్నాను.

ఈలోపు ఆ పై అంతస్తు జోలికి వెళ్ళకు.

నీ అత్త


అత్తయ్యా,

'ప్రియమైన' అని రాయలేదు చూశారా, కోపంగా ఉన్నాను కాబట్టి.

మీ ఉత్తరం చదివి కాగితం ముందేసుకుని కూర్చున్నాను. మొదట 'తాళ్ళు' అని రాశాను. మిల్లులో నేను కొయ్యాల్సిన తాళ్ళేం ఉన్నాయి? కొట్టేశాను. 'భయపెట్టడానికి' అని రాశాను. వాడు భయపడకపోతే అప్పుడేం చేస్తావు అని మీరు అడుగుతారు. అదీ కొట్టేశాను.

అక్కడ కూర్చుని అడగడం మీకు తేలికే. మొన్నా నిన్నా నేను మిల్లు గేటుదాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. తలనొప్పిగా ఉందని నిచ్చెనకి చెప్పాను. మీ అబ్బాయితో కొలతలు అయిపోవచ్చాయన్నాను. ఆడపిల్లవి, పాడుబడ్డ కొంపల్లో నీకేం పని అని ఎంతమంది అన్నా పట్టుబట్టి సంపాదించుకున్న ఉద్యోగం ఇది. ఒక చప్పుడు విని దాన్ని వదిలేసుకోనా? పైనున్నవాడు తాగుబోతో దొంగో, ఎవడైతేనేం, నాకంటే బలమైనవాడే అయ్యుంటాడు. వట్టి చేతులతో ఎదురుపడమంటారా?

సరే, రాస్తున్నాను. మనిషిని. మనిషిని కొయ్యడానికి. రాసేశాను. ఇక మీ మాట మీరు నిలబెట్టుకోండి.

కోడలు


అమ్మడూ,

మాటిచ్చాను కాబట్టి పంపుతున్నాను. మందపాటి గుడ్డలో చుట్టాను, విప్పేటప్పుడు జాగ్రత్త. పిడికి తోలు వేశాను, చెమట పట్టినా జారదు.

ఇన్నేళ్ళలో ఇలాంటిది చెయ్యడం ఇదే మొదలు. చేపల కత్తి చేస్తే చేప మీద చూస్తాను, తోలు కత్తి చేస్తే తోలు ముక్క మీద చూస్తాను. దీన్ని దేని మీద చూడాలో తెలీలేదు. చూడకుండానే పంపుతున్నాను.

నువ్వు అది పట్టుకెళ్ళినా నాకు భయమే, వట్టి చేతులతో వెళ్ళినా భయమే. నిచ్చెన పక్కన లేకుండా అడుగు వెయ్యకు. మావాడికి నేనేం చెప్పలేదు. కొడుకు దగ్గర ఇలాంటివి దాచడం నాకు చేతకాదు, కాబట్టి నువ్వే తొందరగా చెప్పెయ్యి. పని అయిన రోజు రెండు ముక్కలు రాసి పడెయ్యి, లేకపోతే నాకు నిద్ర పట్టదు.

నీ అత్త


ప్రియమైన అత్తయ్యకి,

చేతిరాత చూసి కంగారు పడకండి. నేను చెప్తుంటే మీ అబ్బాయి రాస్తున్నాడు. నా కుడిచేతికి కట్టు కట్టారు. మణికట్టు ఎముక విరిగింది. మిగతా నేనంతా బాగానే ఉన్నాను. (అమ్మా, నేను. ఈ ఉత్తరం అయ్యాక మీ ఇద్దరితోనూ మాట్లాడను.) తన మాటలు పట్టించుకోకండి, పొద్దున్నుంచీ ఇదే వరస.

జరిగింది చెప్తాను. మిల్లు పై అంతస్తుకి ముందొక మెట్లదారి, వెనకొక మెట్లదారి ఉన్నాయి. కత్తి ఉంది, రాడ్డు ఉంది, ఇక మాకేం తక్కువ అనుకున్నాం. నేను వెనక నుంచి, నిచ్చెన ముందు నుంచి చప్పుడు కాకుండా ఎక్కి పైనున్నవాణ్ణి మధ్యలో పట్టేసుకుందామని ప్లాను వేశాం. వట్టి చేతులైతే మేము విడిపోయేవాళ్ళం కాదు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వణుక్కుంటూ కలిసే వెళ్ళేవాళ్ళం.

పైన కిటికీలకి రేకులు కొట్టేసి ఉన్నాయి, పట్టపగలే చీకటి. నడవా మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక ఆకారం. అంతే, నేను కత్తి విసురుగా ఊపాను. అటువైపు నుంచి రాడ్డు వచ్చి నా చేతి మీద పడింది. "అమ్మా" అని నేను అరిచాక గానీ, కొట్టింది ఎవర్నో నిచ్చెనకి తెలీలేదు. అక్కడే కూలబడిపోయాడు. వాడి చొక్కా భుజం నుంచి మోచేతిదాకా చీరుకుపోయి ఉంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. వాడి చిన్నకూతురికి ఇంకా నడక కూడా రాలేదు అత్తయ్యా. (ఇక్కడ కాసేపు రాయడం ఆపాను అమ్మా.)

అప్పుడు చివరి గది తలుపు తెరుచుకుని ఒకావిడ వచ్చింది. మేము వెతుకుతున్న మనిషి ఆవిడే. మమ్మల్ని చూసి ముందు ఆగిపోయింది, తర్వాత గబగబా వచ్చి దుప్పటి చింపి, చెక్కముక్క పెట్టి నా చేతికి కట్టు కట్టింది. "మధ్య మెట్లు పుచ్చిపోయాయి, గోడవారగా దిగండి" అంటూ నా నడుం పట్టుకుని కిందికి దింపింది. ఎక్కేటప్పుడు ఆ మెట్లు నేను చూసుకోనే లేదు. ఆస్పత్రి గేటుదాకా వచ్చి, మేము పేరైనా అడిగేలోపే వెళ్ళిపోయింది.

కత్తి అక్కడే పడిపోయింది. తీసుకోవాలనిపించలేదు.

మీ కోడలు
(మీ కొడుకు కూడా)


నా తల్లీ,

ఉత్తరం చదివి కొలిమి ఆర్పేసి కూర్చున్నాను. నిచ్చెన చొక్కా గురించి రాసిన ముక్కే మళ్ళీ మళ్ళీ చదివాను. ఏం కొయ్యడానికో నువ్వు రాశావు, నేను దానికి సరిపడా చేశాను. అది తన పని తాను చెయ్యబోయింది. ఇందులో కత్తిని అనడానికేం లేదు.

అడిగితే నువ్వు రాయలేవని నా ధీమా. రాసేసరికి నా మాట నాకే అడ్డం పడింది. మాట తప్పకూడదని బిగుసుకు కూర్చున్నాను గానీ, నిన్ను నాలుగు తిట్లు తిట్టి, అలిగి ఉత్తరాలు మానేసినా పోయేది. మాట పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు.

చెయ్యి విరిగిందంటే ఏడ్చాను. చెయ్యే కదా అని దేవుడికి దణ్ణమూ పెట్టుకున్నాను. మావాణ్ణి అలక ఆదివారంలోగా తీర్చుకోమను, షాపు మూసి నేను వస్తున్నాను. నీకు తల దువ్వాలి, వాడి వంట నుంచి నిన్ను కాపాడాలి.

ఆవిడ ఎవరో కనుక్కో. నేను దణ్ణం పెట్టానని చెప్పు. ఉద్యోగం మానేస్తానని మాత్రం అనకు. గేటుదాకా వెళ్ళి వెనక్కి వచ్చానని రాశావే, అది చదివినప్పుడు పడ్డ బాధ నాకింకా తీరలేదు.

నీ అత్త


ప్రియమైన అత్తయ్యకి,

ఈసారి నా చేతిరాతే. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, అలవాటు చేసుకోండి. మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. మీరు నేర్పిన వంటలన్నీ మీ అబ్బాయి వారం తిరక్కుండా మర్చిపోయాడు.

నా చెయ్యి చూశాక పెద్దసారు గడువు మాటెత్తడం మానేశారు. మిల్లు కొలతలు పూర్తి చేశాం. పడగొట్టక్కర్లేదు, బాగుచెయ్యొచ్చని తేల్చారు. ఆ రోజు నిచ్చెన, నేను మిఠాయి పంచాం.

ఆవిడ దొరికింది. ఆస్పత్రిలో రాత్రంతా దుప్పట్లు ఉతికే పని ఆవిడది. ఉండే గదిలో పగలు పదిమంది మసులుతుంటారు, కునుకు పట్టదు. అందుకని మిల్లులో పడుకునేది. మీ దణ్ణం సంగతి చెప్తే సిగ్గుపడింది. మేము మొదటిరోజు విన్న పరుగు ఆవిడదే. మమ్మల్ని చూసే పరిగెత్తిందట. ఎవరో ఇద్దరు గుసగుసలాడుతూ గోడలు తడుముకుంటూ వస్తుంటే ఎవరైనా పరిగెడతారు మరి. ఆ రోజు నుంచీ తల కింద సుత్తి పెట్టుకుని పడుకునేదట, చేత పట్టుకుని తిరగడానికి మాత్రం అది బరువట. కత్తి తెచ్చిపెట్టమని వాళ్ళ తమ్ముణ్ణి అడిగితే, వాడు నవ్వి ఊరుకున్నాడట. ఆ తమ్ముడు నవ్వకపోయుంటే ఆ నడవాలో చేతిలో ఆయుధంతో మేము ముగ్గురం ఉండేవాళ్ళం అత్తయ్యా.

మీరు పడుకున్న వెనకగది పగలు ఇప్పుడు ఆవిడది. మీరేమీ అనుకోరని అడక్కుండానే ఇచ్చేశాం. మీ అబ్బాయి గిన్నెల చప్పుడు లేకుండా వంట చెయ్యడం నేర్చుకుంటున్నాడు. ఇప్పటిదాకా వచ్చిన ఒక్క విద్యా అదే.

నిచ్చెన రాడ్డు వదిలేశాడు. ఊరికే వదల్లేదు, వారం రోజులు నాతో వాదించాడు. "నిజంగానే దొంగ ఎదురైతేనో?" అన్నాడు. "పరిగెడదాం, మనకి అలవాటేగా" అన్నాను. నవ్వాడు గానీ, వాడన్నదీ నిజమే. ఎప్పుడైనా చెడ్డవాడు ఎదురవచ్చు. అందుకే ఇద్దరం విడిపోకూడదని, ప్రతి గుమ్మం దగ్గరా ముందు గట్టిగా పిలవాలని, జవాబు కోసం ఆగి, బాగా లేదనిపిస్తే తిరిగొచ్చెయ్యాలని అనుకున్నాం. పెద్దసారు దాన్నే ఆఫీసులో అందరికీ చెప్పారు.

నిన్న మూతబడ్డ ఒక హాస్టలుకి వెళ్ళాం. గుమ్మం ముందు నిలబడితే అదే భయం. ఏం తగ్గలేదు. "లోపల ఎవరైనా ఉన్నారా? కొలతలు తీసుకోవడానికి వచ్చాం" అని పిలిచాను. ఇక లోపలికి వెళ్దామనుకుంటుండగా ఒక మగగొంతు, "దగ్గరికి రాకండి. మీ దగ్గరేముంది?" అంది. మాట తడబడుతోంది. నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు.

నేను వెలుతురులోకి జరిగి రెండు చేతులూ చాపి చూపించాను. "టేపు, పెన్సిలు, అంతే. మీరేం భయపడకండి. మీరు బయటికొచ్చేదాకా మేమిక్కడే కూర్చుంటాం" అన్నాను. 'భయపడకండి' అని ఒకరితో నేను అనగలనని నాకే తెలీదు. ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం. చాలాసేపటికి లోపల గడియ తీసిన చప్పుడైంది.

మిగతాది ఆదివారం ఫోన్లో చెప్తాను, ఆ పూటకి సమ్మెట పక్కన పెట్టండి.

మీ కోడలు