బురాక్ ఉండలు పంపమ్మా

అమ్మా, ఇక్కడ నేను కులాసా. టూరిస్టు పడవ మీద తోటి పనివాళ్లు "పిండి మొహం" అంటారని, ఎండకి మొహాన రాసుకోమని నువ్వు బియ్యం, పసుపు నూరి ఇచ్చిన బురాక్ దాచేసి, సెంపోర్నా బజారులో ఎండ క్రీము కొన్నాను. మొన్న అది పూసుకుని నీళ్లలో దిగానో లేదో, పడవ నడిపే జైనల్ మామ ఒకటే అరుపు: "ఏమే హల్మా, నీ చుట్టూ జిడ్డు తెట్టు కట్టింది చూడు! ఆ క్రీముకి పగడపు దిబ్బలు చస్తే, వాటిని చూడ్డానికి వచ్చినవాళ్లకి నీ మొహం చూపించమంటావా?" పడవంతా నవ్వారు.

నిన్న బురాక్ రాసుకుని వెళ్తే, ఆ నవ్వినవాళ్లే అడిగి పూయించుకున్నారు. ఉన్నదంతా అయిపోయింది. పది ఉండలు పంపు. పిన్నికి పురమాయించకు, నువ్వే నూరు. నాన్న దగ్గు తగ్గిందా? నా సలాం చెప్పు.

చిన్నప్పుడు నిచ్చెన మెట్టు మీద కూర్చోబెట్టి నువ్వు రాస్తుంటే పారిపోయేదాన్ని. నిన్న మొహమంతా నేనే రాసుకున్నాను. చెవుల వెనక ఎప్పుడూ నువ్వే రాసేదానివి కదా, మరిచిపోయాను. అక్కడే కమిలింది.

నీ హల్మా