నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు

మార్చి 3, మంగళవారం

రూల్ పెట్టింది నేనే. పాడ్‌కాస్ట్‌లో మాట్లాడేది నేను, ఎడిటింగ్ చేసేది మా మరిది. ప్రతి రికార్డింగ్ అయ్యాక ఒకరికొకరం ఫీడ్‌బ్యాక్ ఇచ్చుకోవాలి. రెండు మంచి మాటలు, ఒక లోపం. నూట పన్నెండు ఎపిసోడ్లుగా ఇదే పద్ధతి.

ఇవాళ మంచి మాటలు ఎగ్గొట్టి ఒక ఆడియో ఫైల్ పంపాడు. ఆదివారం ఇంటర్వ్యూలో నేనన్న అవునాలు, అయ్యోలు, కరెక్టండీలు అన్నీ ఏరి వరసగా అతికించాడు. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. వింటుంటే ఒళ్ళు మండిపోయింది.

అదే రోజు, 11:40

ఫోన్ చేసి కడిగేశాను. కన్‌స్ట్రక్టివ్ క్రిటిసిజమ్ అట! నేను గెస్టుల్ని ఊపిరి పీల్చుకోనివ్వనట. నా మొహం మీద చెప్పే ధైర్యం ఎవరికీ లేదు గనక తను చెబుతున్నాడట. ఎంత త్యాగం! సరే, నేనూ కన్‌స్ట్రక్టివ్‌గానే చెప్పాను, కుర్చీ కిర్రుమన్న చప్పుడు తీయడం చేతకానివాడు నా మాటలకు వంకలు పెట్టనక్కర్లేదని. ఫోన్ పెట్టేశాడు.

మార్చి 4

మా ఆయన తన తమ్ముణ్ణీ ఏమీ అనడు, నన్నూ ఏమీ అనడు. గోడ మీద పిల్లి.

మార్చి 5

మరిది ఇక ఎడిటింగ్ చేయడట. మహాభాగ్యం. నేనే చేసుకుంటాను. అదేమన్నా బ్రహ్మవిద్యా?

మార్చి 7, శనివారం, మధ్యాహ్నం

గోడలకు దుప్పట్లు వేలాడదీసిన మా చిన్న గదిలో కూర్చుని ఆదివారం ఫైల్ తెరిచాను. గెస్ట్ రిటైరైన నర్స్. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లల వార్డులో చేశారు. ముప్పై నాలుగో నిమిషంలో ఒక బాబు సంగతి ఎత్తారు. మందు డోసు ఎక్కువై చనిపోయాడు. తప్పు ఎవరిదో విచారణలో తేలలేదు. అని ఆగారు.

ఆవిడ ఆగినట్టు నాకు గుర్తే లేదు. హెడ్‌ఫోన్స్‌లో మాత్రం ఊపిరి తీసుకోవడం స్పష్టంగా వినిపించింది. తర్వాత, ఆ రోజు సిరంజి నింపింది నే... అంతే. దాని మీద నా గొంతు పడింది. మీలాంటివాళ్ళు మనుషులు కాదండీ, దేవతలు అంటున్నాను. ఆవిడ చిన్నగా నవ్వి థ్యాంక్స్ చెప్పారు. నేను హాబీల గురించి అడిగాను.

ఏడెనిమిదిసార్లు విన్నాను. ఫైల్‌లో సరిగ్గా ఆ చోట మరిది ఎర్ర గుర్తు పెట్టి ఉంచాడు. దాని మీద 'వదినా, ఇక్కడ' అని రాసి ఉంది. చెప్పేదేదో ముందే నోటితో చెప్పి ఏడవచ్చుగా, వెధవ. చెబితే విన్నానా?

మార్చి 8

నర్స్‌గారికి ఫోన్ చేసి క్షమించమన్నాను. ఇంకోసారి వస్తారా అని అడిగాను. రారట. ఆ ఒక్క మాటకీ ధైర్యం కూడగట్టుకోవడానికి పంతొమ్మిదేళ్ళు పట్టిందట. దేవత అనేశాక ఇంకెలా చెప్పమంటారని నన్నే అడిగారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మార్చి 9

ఎపిసోడ్ వేయలేదు. మరిదికి ఫోన్ చేశాను. ఏంటి వదినా అన్నాడు. ఈసారి ముందు తననే చెప్పనిద్దామని ఆగాను. లైన్లో ఉన్నావా అని రెండుసార్లు అడిగాడు.